చక్రం తిప్పిన చేయి – జి.డి. నాయుడు

మార్కాపురం నుంచి కంభం, గిద్దలూరు మీదుగా నంద్యాలకు పోయే బస్సు దిగువమెట్ట దాటి నల్లమల అడవిలో ప్రవేశించగానే వేగం తగ్గించుకుంటుంది. మలుపు తరువాత మలుపు వస్తుంది. ఒకవైపు కొండ, మరొకవైపు లోయ. బస్సులో కూర్చున్నవారిలో కొందరు కునుకు తీస్తుంటారు, కొందరు కబుర్లలో మునిగి ఉంటారు. అందరి ప్రాణాలూ చక్రం పట్టిన ఒక్క మనిషి చేతుల్లో ఉంటాయి. ఆ అడవికి ఇవతల పశ్చిమ ప్రకాశం మెట్ట పొలాలు. అక్కడి రైతు ఆకాశం వైపు చూసి చూసి, చివరకు బోరు బావి మీద ఆశ పెట్టుకుంటాడు. ఆ బావి మీద తిరిగే మోటారు ఆగిపోతే అతని పంట కూడా ఆగిపోతుంది. ఊరికి సమయానికి వచ్చే బస్సు, చేనికి నీరు తోడే మోటారు – ఈ రెండూ ఈనాడు మనకు ఎంతో మామూలు వస్తువులు. ఇవి రెండూ అపురూపమైన కాలంలో పుట్టి, రెండింటినీ తన జీవితంతో ముడివేసుకున్న తెలుగువాడొకడున్నాడు. ఆయన బడిలో నిలవలేదు. కాని కళాశాలను నిలబెట్టాడు. ఒక్క బస్సుకు తానే డ్రైవరై, తరువాత వందలాది బస్సులకు యజమాని అయినాడు. ఆయన పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకం ఆయనను జి.డి. నాయుడు అని పిలిచింది.

విజయనగర సామ్రాజ్య కాలంలోనూ, ఆ తరువాతా ఎన్నో తెలుగు కుటుంబాలు దక్షిణాదికి వలసపోయి తమిళ దేశంలో స్థిరపడినాయి. నల్లరేగడి నేలలున్న కోయంబత్తూరు ప్రాంతంలో వారు అడవులు కొట్టి, బావులు తవ్వి, పత్తి పండించారు. తరాలు గడిచినా ఇంట్లో తెలుగు మాటను విడువలేదు. అటువంటి ఒక రైతు కుటుంబంలో 1893 మార్చి 23వ తేదీన, కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ అనే గ్రామంలో దొరస్వామి జన్మించాడు. తండ్రి గోపాలస్వామి నాయుడు వ్యవసాయదారుడు.

బాలునికి చదువు మీద మనసు నిలువలేదు. పంతులుగారు చెప్పినది వల్లెవేయడం, పలక మీద రాసినదే మళ్ళీ రాయడం అతనికి విసుగు పుట్టించేవి. ప్రాథమిక దశలోనే బడి మానివేశాడు. అయితే బడిని విడిచినవాడు తెలుసుకోవాలనే కోరికను విడువలేదు. ఏ వస్తువు కంటబడినా అది ఎట్లా పనిచేస్తున్నదని ఆలోచించేవాడు. తరువాతి కాలంలో పుస్తకాలను తనంతట తాను విస్తారంగా చదువుకున్నాడు. పొలం పనులు చేస్తున్నా అతని చూపు మాత్రం కదిలే వస్తువుల మీద, తిరిగే చక్రాల మీద ఉండేది.

ఒకనాడు ఆ పల్లె దారిన ఒక ఆంగ్లేయ రెవెన్యూ అధికారి మోటారు సైకిలు మీద వచ్చాడు. ఎడ్లబండ్లు, గుర్రపు బండ్లు తప్ప మరొకటి ఎరుగని ఆ కాలంలో, లాగే పశువు లేకుండా తనంతట తానే పరుగెత్తే బండి అందరికీ వింత. మిగిలినవారు దానిని చూసి ఆశ్చర్యపడి ఊరుకున్నారు. దొరస్వామి ఊరుకోలేకపోయాడు. ఆ బండి కడుపులో ఏమున్నదో చూడవలసిందే అనుకున్నాడు. కాని చూడాలంటే కొనాలి. కొనాలంటే డబ్బు కావాలి. పల్లెలో ఉంటే ఆ డబ్బు చేతికి రాదు. అందుచేత ఊరు విడిచి కోయంబత్తూరు చేరాడు. అక్కడ ఒక హోటలులో వడ్డించే పనికి కుదిరాడు. ఎంగిలి విస్తళ్ళ మధ్య, పొగ పట్టిన వంటగది గుమ్మం ముందు సుమారు మూడేళ్ళు గడిపి, పైసా పైసా కూడబెట్టాడు. చివరకు మూడు వందల రూపాయలు పోగుచేసి, ఆ అధికారి దగ్గర నుంచే మోటారు సైకిలును కొన్నాడు.

వాహనం కొన్న యువకుడు ఎవరైనా దానిని ఎక్కి ఊరేగుతాడు. దొరస్వామి దానిని ముక్కలు ముక్కలుగా విప్పాడు. ఒక్కొక్క భాగాన్ని తుడిచి, తిప్పి, దాని పని ఏమిటో గ్రహించాడు. పెట్రోలు ఆవిరి గాలితో కలిసి, నిప్పురవ్వ తగిలి మండినప్పుడు పుట్టే బలం ముషలకాన్ని నెట్టడం, ఆ నెట్టుడు చక్రం తిరుగుడుగా మారడం – ఇవన్నీ ఆయన ఏ గురువు దగ్గరా నేర్చుకోలేదు. తన చేతుల మసిలోనే నేర్చుకున్నాడు. విప్పిన వాటిని మళ్ళీ యథాస్థానంలో బిగించి బండిని నడిపించినప్పుడు, ఆయన చదువులో తొలి పరీక్ష ముగిసింది. నాటి నుంచి ఆయన యంత్రాల వైద్యుడు అయినాడు.

జీవితం మాత్రం యంత్రమంత సూటిగా నడవలేదు. పత్తి వ్యాపారంలో దిగి మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బాగా సంపాదించాడు. ఆ ఉత్సాహంతో బొంబాయి పత్తి బజారులో అడుగుపెట్టాడు. అక్కడి పెద్ద వర్తకుల ఎత్తులకు, ధరల ఆటుపోట్లకు తట్టుకోలేక సంపాదించినదంతా పోగొట్టుకొని వట్టి చేతులతో కోయంబత్తూరు తిరిగివచ్చాడు. ముప్పై ఏళ్ళు నిండకముందే ఆయన కలిమిని, లేమిని రెండింటినీ చూశాడు. ధనం పోయినా చేతిలోని పనితనం పోలేదు. అదే ఆయనను మళ్ళీ నిలబెట్టింది.

ఆ రోజుల్లో కోయంబత్తూరులో రాబర్ట్ స్టేన్స్ అనే ఆంగ్లేయ పారిశ్రామికవేత్త ఉండేవాడు. నాయుడు నేర్పును, నిజాయితీని గమనించి ఆయన ఆర్థికంగా ఆదుకున్నాడు. ఆ సాయంతో 1920లో నాయుడు ఒక బస్సును కొని పొల్లాచ్చి, పళని పట్టణాల మధ్య నడపడం మొదలుపెట్టాడు. పళని సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రం. ఆ దారిన యాత్రికుల రాకపోకలు ఎప్పుడూ ఉండేవి. బస్సుకు యజమాని ఆయనే, డ్రైవరూ ఆయనే.

ఆనాటి బస్సు ప్రయాణాన్ని ఈనాటి కళ్ళతో చూడకూడదు. ఇంజను కదలాలంటే ముందు భాగంలో ఇనుప పిడి గుచ్చి బలంగా తిప్పవలసి వచ్చేది. చెయ్యి జారితే పిడి ఎదురు తిరిగి ఎముక విరిగేది. రోడ్లు గులకరాళ్ళ బాటలు. ఎండలో రేడియేటరు నీళ్ళు సలసల కాగేవి. చక్రం గాలి పోతే దారి పక్కన గంటల తరబడి నిలిచిపోవలసిందే. మరొక ఇబ్బంది వాహనానిది కాదు, మనుషులది. జనం నిండేదాకా బండి కదలకపోవడం, కదిలిన బండి ఎక్కడపడితే అక్కడ ఆగడం ఆనాటి వాడుక. బస్సు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు చేరుస్తుందో చెప్పగలవారు లేరు. పేదవానికి సమయం ఉండదని, అతడు ఎంతసేపైనా వేచి ఉంటాడని లోకం అనుకునేది.

నాయుడు ఈ అభిప్రాయాన్ని అంగీకరించలేదు. కూలివానికి పోయిన గంట కూలి పోయినట్లే. రోగికి పోయిన గంట ప్రాణం పోయినట్లే. బస్సు నడపడమంటే మనుషులను మోయడం మాత్రమే కాదు, వారి కాలాన్ని కాపాడడం కూడా అని ఆయన గుర్తించాడు. కొద్ది సంవత్సరాలలోనే ఆయన స్థాపించిన యూనివర్సల్ మోటార్ సర్వీస్, అంటే జనం నోట యు.ఎం.ఎస్., క్రమపాలనకు మారుపేరు అయింది. ఒక్క బస్సు పదులయింది, పదులు వందలయినాయి. 1930ల నాటికి ఆయన బస్సుల సంఖ్య రెండు వందలు దాటింది. దేశంలోని మిక్కిలి సమర్థమైన రవాణా సంస్థలలో ఒకటిగా యు.ఎం.ఎస్. పేరుపొందింది. బస్సులను బాగుచేసే కర్మాగారాలు, విడిభాగాలను పరీక్షించే సాధనాలు ఆ సంస్థలోనే రూపుదిద్దుకున్నాయి. యజమాని ఒకప్పుడు తానే చక్రం పట్టినవాడు కాబట్టి, డ్రైవరు కష్టమూ, డ్రైవరు సాకులూ రెండూ ఆయనకు తెలుసు. ఇంజను చప్పుడు విని లోపం ఎక్కడున్నదో చెప్పగల యజమానిని పనివారు మోసగించలేరు. ఆ యజమాని కూడా పనివారి శ్రమను తక్కువ చేయలేడు.

ఇది ఎంత ముందుచూపో తెలియాలంటే ఒక్క విషయం జ్ఞాపకం చేసుకోవాలి. నైజాం ప్రభుత్వం హైదరాబాదు రాజ్యంలో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను ప్రారంభించినది 1932లో. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది 1958లో. అంతకుముందే బడి చదువు పూర్తిచేయని ఒక రైతుబిడ్డ ప్రభుత్వాల అండ లేకుండా అంతటి సంస్థను నడిపించి చూపాడు.

బస్సులతోనే ఆయన తృప్తిపడలేదు. పత్తి పండే ఆ నేలకు నీరు కావాలి. బావులు లోతైనవి, కపిల తోలడానికి ఎడ్లూ, మనుషులూ తెల్లవారుజాము నుంచి శ్రమించవలసివచ్చేది. పైకారా జలవిద్యుత్తు 1930లలో కోయంబత్తూరుకు అందింది. కరెంటు వచ్చినా దానితో పనిచేసే మోటార్లు విదేశాల నుంచి రావలసిందే. 1937లో పీలమేడులోని నాయుడుగారి నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో భారతదేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారు వెలువడింది. ఈ ప్రయత్నంలో ఆయనకు కుడిభుజంగా నిలిచినవాడు డి. బాలసుందరం నాయుడు. ఆయనే తరువాత టెక్స్‌టూల్ అనే ప్రసిద్ధ యంత్ర పరిశ్రమను స్థాపించాడు. నాడు పడిన ఆ విత్తనం మహావృక్షమైంది. మోటార్లకు, పంపులకు కోయంబత్తూరు దేశంలోనే పేరెన్నికగన్న కేంద్రం అయింది. మన రైతులు బోరు మీద బిగించుకునే మోటార్లలో ఆ ఊరి పేరు ఉన్నవి ఎన్నో ఉండడానికి మూలం అక్కడున్నది.

నాయుడుగారి బుద్ధి ఒకచోట నిలిచేది కాదు. బ్యాటరీతో నడిచే చిన్న మోటారును అమర్చి ‘రాసంట్’ అనే గడ్డం గీసుకునే యంత్రాన్ని రూపొందించాడు. అతి పలుచని బ్లేడ్లు, పండ్ల రసం తీసే సాధనం, కిరసనాయిలుతో తిరిగే పంకా, సినిమా కెమెరాలో దూరాన్ని సరిచేసే పరికరం, మోసానికి తావులేకుండా ఓట్లను నమోదుచేసే యంత్రం ఆయన ఊహలోంచి పుట్టినవే. కరెంటు లేని పల్లెకు కిరసనాయిలు పంకా, అక్షరం రాని ఓటరుకు నమ్మకమైన యంత్రం – ఆయన కల్పనలన్నిటి వెనుకా సామాన్యుని అవసరం ఉంది. 1941లో అయిదు వాల్వుల రేడియోను డెబ్బై రూపాయలకే తయారుచేసి ఇవ్వగలనని ప్రకటించాడు. పొలంలో కూడా ప్రయోగాలు చేసి పత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలలో కొత్త రకాలను పెంచాడు. సర్ సి.వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటి మహామహులు ఆయన తోటను దర్శించారు. పునాది మొదలు విద్యుత్తు, నీటి గొట్టాల వరకు సర్వం ముగించి ఒక ఇంటిని పదకొండు గంటలలో నిలబెట్టాడని ప్రతీతి.

లోకాన్ని చూడాలనే కుతూహలంతో ఆయన విదేశాలు తిరిగాడు. వెళ్ళినచోటనల్లా కెమెరా ఆయన వెంట ఉండేది. 1936లో లండనులో అయిదవ జార్జి చక్రవర్తి అంతిమయాత్రను తానే స్వయంగా చిత్రీకరించాడు. జర్మనీలో హిట్లరును కెమెరాలో బంధించాడు. స్వదేశంలో గాంధీజీ, నెహ్రూ, సుభాష్ చంద్రబోసుల చిత్రాలను తీశాడు. విదేశాలలో ఆయన గమనించినది ఎత్తయిన మేడలను కాదు. కర్మాగారంలో నిలబడి పనిచేస్తూ చదువుకునే యువకులను. మన దేశంలో చదివినవానికి చేతిపని రాదు, చేతిపని వచ్చినవానికి చదువు లేదు. ఈ అగాధం పూడనిదే దేశం బాగుపడదని ఆయన నిశ్చయించుకున్నాడు.

1944లో మోటారు వ్యాపారం నుంచి తప్పుకొని, పరిశోధక విద్యార్థుల వేతనాలకు, కార్మికుల, బడుగువర్గాల సంక్షేమానికి విరాళాలు ప్రకటించాడు. ఆయన కృషితో, దానంతో 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, దాని వెంట ఇంజనీరింగ్ కళాశాల వెలసినాయి. ఆనాటి మద్రాసు గవర్నరు పేరిట ఏర్పడిన ఆ కళాశాలే కాలక్రమంలో ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది. తొలిరోజుల్లో నాయుడే దానికి ప్రిన్సిపాలుగా వ్యవహరించాడు. పట్టా లేని మనిషి పట్టభద్రులను తయారుచేసే పీఠం మీద కూర్చున్నాడు! అయితే ఆ ముచ్చట ఎంతోకాలం సాగలేదు. నాలుగేళ్ళ ఇంజనీరింగు చదువును పనితో జోడిస్తే రెండేళ్ళలో నేర్పవచ్చునని ఆయన వాదన. ప్రభుత్వం అందుకు సమ్మతించలేదు. ఒప్పుకోని దానిలో పేరుకోసం కొనసాగడం ఇష్టంలేక ఆయన పదవి నుంచి తప్పుకున్నాడు.

స్వాతంత్ర్యం వచ్చింది. ఇక తన ఆలోచనలకు అడ్డుండదని నాయుడు ఆశించాడు. 1952లో ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారును తయారుచేశాడు. దాని ధర కేవలం రెండువేల రూపాయలు. మోటారు కారు సంపన్నుల సొత్తుగా ఉన్న రోజుల్లో అది మధ్యతరగతి మనిషికి అందే కల. కాని 1951లో వచ్చిన పరిశ్రమల చట్టం ప్రకారం ముఖ్యమైన వస్తువుల తయారీకి ప్రభుత్వం నుంచి లైసెన్సు తప్పనిసరి. దేశంలోని కొద్దిపాటి వనరులు చెల్లాచెదురు కాకుండా ప్రణాళిక ప్రకారం ఖర్చు కావాలన్నది ఆనాటి పాలకుల ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని తప్పుపట్టలేము. కాని ఆ జల్లెడలో నాయుడుగారి చిన్న కారు నిలువలేదు. లైసెన్సు రాలేదు, కారు కర్మాగారం గడప దాటలేదు.

అధిక పన్నులు, అనుమతుల నిరాకరణ ఆయన మనసును తీవ్రంగా గాయపరిచాయి. నిరసనగా తాను చేసిన పరికరాలనే జనం కళ్ళముందు పగులగొట్టించాడు. తయారుచేయడానికి బ్రతుకంతా వెచ్చించిన మనిషి విరగగొట్టడానికి పూనుకున్నాడంటే ఆ వేదన ఎంతటిదో ఊహించవచ్చు. ఆ పని సరైనదా, కాదా అన్నది నేటికీ ఆలోచించదగిన ప్రశ్న. వస్తువు విరిగితే నష్టం దేశానిదే అనేవారున్నారు. కళ్ళెదుట విరిగితేనే గాని నష్టం ఎంతో దేశానికి తెలియదనేవారూ ఉన్నారు. ఒక్కటి మాత్రం నిజం. ఆయన పగులగొట్టినది కొన్ని యంత్రాలను మాత్రమే; తన జిజ్ఞాసను ఎన్నడూ పగులనివ్వలేదు.

ఆయన జీవితంలో ఓటములు లేకపోలేదు. శాసనసభ ఎన్నికలలో పోటీచేసి ఓడిపోయాడు. బొంబాయిలో ధనాన్ని, కళాశాలలో పదవిని, లైసెన్సుల కాలంలో తన కారును పోగొట్టుకున్నాడు. పట్టుదలతో పాటు మొండితనం కూడా ఆయనలో ఉండేది. ఎదుటివారు తనంత వేగంగా నడవలేకపోతే ఓర్చుకోలేకపోయేవాడు. ఈ గుణదోషాలన్నీ కలిసినవాడే నాయుడు. 1967లో తాను సేకరించిన, తయారుచేసిన యంత్రాలతో ఒక పారిశ్రామిక ప్రదర్శనశాలను ఏర్పాటుచేశాడు. తాను బడిలో పొందలేని చదువును ఊరి పిల్లలు అక్కడ కళ్ళతో పొందాలన్నది ఆయన కోరిక. 1974 జనవరి 4వ తేదీన, ఎనభై ఏళ్ళు దాటిన వయసులో ఆయన కన్నుమూశాడు.

చక్రం మీద ఆయన వేసిన ముద్ర ఆ నగరాన్ని విడువలేదు. మోటారు పందేలకు కూడా కోయంబత్తూరు పేరుపొందింది. ఆ ఊరివాడే అయిన కరివర్ధన్ పందెపు కార్లు నడిపి, జట్టును పోషించి, మారుతి ఇంజనుతో తక్కువ ఖర్చులో పందెపు కార్లను తయారుచేసి యువకులకు దారి చూపాడు. 1995లో ఆయన మరణించిన తరువాత అక్కడి పందెపు బాటకు ఆయన పేరే పెట్టారు. 2005లో ఫార్ములా వన్ పందేలలో పాల్గొన్న తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ కూడా కోయంబత్తూరు వాడే. 2015లో నాయుడుగారి పేరిట పాత కార్ల ప్రదర్శనశాల వెలసింది. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డు మీద పది కిలోమీటర్లకు పైగా పొడవున్న వంతెన రహదారి ప్రారంభమైనప్పుడు దానికి జి.డి. నాయుడు పేరు పెట్టారు. ఒకనాడు గులకరాళ్ళ బాట మీద బస్సు నడిపిన మనిషికి ఇది తగిన స్మారకం.

నాయుడుగారి కథను విని, బడి మానితే గొప్పవాళ్ళమవుతామని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. ఆయన మానినది బడిని మాత్రమే, చదువును కాదు. బడి లోటు ఎంతటిదో ఎరిగినవాడు కాబట్టే తన ధనాన్ని విద్యకు ధారపోశాడు. మార్కాపురం పలకల మీద ఎన్నో తరాల పిల్లలు అక్షరాలు దిద్దారు. పలక మీది అక్షరం చేతిలోని పనిగా మారినప్పుడే విద్య సఫలమవుతుంది. మన ఊరి బస్టాండులో మసిబట్టలతో ఇంజను కింద పడుకున్న కుర్రవాణ్ణి, చేలో మోటారు విప్పి తీగ చుడుతున్న పనివాణ్ణి చూసినప్పుడు మన చూపులో చులకన ఉండకూడదు. ఆ చేతులకు చదువు, ఆ చదువుకు అవకాశం తోడైతే అక్కడ మరొక నాయుడు ఉండవచ్చు. ఆ అవకాశాన్ని కల్పించడం సమాజం బాధ్యత. దానిని అందుకోవడానికి సిద్ధంగా ఉండడం యువతరం బాధ్యత.